గాల్ఫు మైదానం కింద రామాంజినమ్మ చేను

రామాంజినమ్మకు రాయి కనబడితే చేతులు ఊరుకోవు. పసుపు రాయాలి, కుంకుమ పెట్టాలి. బత్తలపల్లికి కోడలిగా వచ్చిన కొత్తలో ధర్మవరం దారిలో ఉన్న మైలురాయికి శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. రోడ్డు పనివాళ్లు వచ్చి దానికి సున్నం కొట్టిపోతే, దేవుడి ముఖం చెడగొట్టారని వాళ్లను ఏడు తరాలకు సరిపడా తిట్టింది.

"అది దేవుడు కాదే. ధర్మవరం ఎంత దూరముండాదో చెప్పే రాయి" అన్నాడు మొగుడు పోతులయ్య.

"దావ చెప్పేవాడు దేవుడు కాకపోతే ఇంకెవరు?"

ఆ తర్వాత పోతులయ్య ఆమె మొక్కుల జోలికి పోలేదు. మా అవ్వ అలాంటి మనిషి. ఆమె చేను పోయింది కూడా ఆ భక్తి వల్లనే.

ఆమె పుట్టిల్లు పెనుకొండకు దిగువన ఎర్రగుట్టపల్లి. ఆ ఊరి చెరువు మిట్టన ఉన్న చేనును పెళ్లినాడు తండ్రి ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. అలా ఇచ్చిన భూమికి రాతకోతలు ఉండవు. పదిమంది ముందర కూతురి ఒడిలో ఆ చేని మట్టి పిడికెడు పోసి "ఇంక ఇది నీది" అంటారు. అంతే. భూమి తండ్రి పేరు మీదనే ఉంటుంది, దున్నేది తమ్ముడు, పంట మటుకు కూతురింటికి పోతుంది. తమ్ముడు నారాయణప్ప ఏటా కల్లం ఎత్తగానే చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, మూటలు కట్టి బండికెత్తి బత్తలపల్లికి తోలుకొచ్చేవాడు. చిన్నప్పుడు అవ్వ చంకన పెరిగినవాడే కాబట్టి, వాడు తెచ్చిన మూటల్ని ఆమె ఎప్పుడూ విప్పి చూసుకోలేదు.

నిజానికి ఆమెకు చెనిక్కాయల మీద అంత మోజు లేదు. తల్లీ తండ్రీ పోయాక పుట్టింటికి ఊరికే పోవాలంటే ఆడదానికి కాళ్లు ముడుచుకుంటాయి. మరదలు చౌడమ్మ మంచిదే, కానీ "ఏం వదినా, ఇట్ల వచ్చినావు" అని నవ్వుతూ అడిగినా గుచ్చుకుంటుంది. చేను ఉంటే ఆ బాధ లేదు. "నా చేను చూసుకోనీకి వచ్చినాను" అని దర్జాగా చెప్పి, నాలుగు పూటలు తిని, నలుగురితో కొట్లాడి, చీర చెంగు దులుపుకుని వచ్చేయవచ్చు. పుట్టింట్లో అవ్వ కాలు మోపడానికి మిగిలిన చోటు ఆ చేనొక్కటే.

యాభై ఏడులో వానలు దంచి కొట్టాయి. చెరువు నిండి, అవతల గుట్టల దాకా నీళ్లే. గాలి తోలితే అలలు లేచి గట్టును కొట్టేవి. ఆ రోజుల్లోనే దామోదరం అనే ఆయన, బెంగళూరులో నూలు మిల్లు ఉన్నాయన, హిందూపురంలో చుట్టాలింటికి వచ్చి అటుగా కారులో పోతూ గట్టు మీద ఆపాడట. ఆయన ఎక్కడో సముద్రం ఒడ్డున గాల్ఫు ఆడి వచ్చినవాడు. ఈ నీళ్లు చూసి, ఇది అచ్చం సముద్రమే అన్నాడట. ఎర్రగుట్టపల్లిలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు గనుక ఎవరూ కాదనలేదు. మిట్టన ఉన్న చేలన్నీ కొని, తన స్నేహితులు వచ్చి ఆడుకోవడానికి సొంతంగా గాల్ఫు మైదానం వేయించడం మొదలుపెట్టాడు. ఆయన మనందరికంటే నలుపే అయినా, ఊరు ఆయనకు దొర అని పేరు పెట్టేసింది.

ఒక పొద్దున నారాయణప్ప బండి కట్టుకుని బత్తలపల్లికి వచ్చాడు.

"అక్కా, బయల్దేరు. దొర రాళ్లు నాటిస్తాండాడు. నీ చేని కాడ నువ్వే టెంకాయ కొట్టాల."

"నా చేని కాడ రాళ్లేంటికిరా?"

"చుట్టుపక్కల చేలన్నీ ఆయన కొన్యాడు కదా. నీది యాడ మొదలో, యాడ ఆఖరో తెలియాల్నా వద్దా? గట్టు రాళ్లు."

అవ్వ ముఖం వెలిగిపోయింది. రాయి, అందులోనూ తన చేనికి, అందులోనూ టెంకాయ కొట్టే పని. పోతులయ్య మటుకు, "గట్టు రాళ్లకు ఇంత దూరం పిలిచేదేంటికి, మీ ఊర్లో టెంకాయ కొట్టేవాళ్లే లేరా?" అని గొణిగాడు.

"నీ మాదిరి నా తమ్ముడు అక్కను మర్చిపోయే రకం కాదు" అని ఆమె బండెక్కింది.

చేని నడుమ సున్నం కొట్టిన రాయి ఒకటి నిలబెట్టి ఉంది. గట్టు రాయి చేని అంచున కదా ఉండాలి, నడుమ ఎందుకుందని ఆమె అడగలేదు. అంత తెల్లటి రాయిని చూసిన సంబరంలో అడగాలని తోచి ఉండదు. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, ఒక్క దెబ్బకు టెంకాయ రెండు చెక్కలు చేసింది. ఒక్క దెబ్బకు పగలడం గురించి బతికినన్నాళ్లూ గొప్పలు చెప్పుకుంది కూడా. ఊరి పెద్ద ఓబుళప్ప, ఇంకో పదిమంది చూస్తూ నిలబడ్డారు. దొర టోపీ తీసి, పళ్లెంలో ధర్మవరం పట్టుచీర పెట్టి అందించాడు. చేని ఆడపడుచుకు మర్యాద చేస్తున్నారనుకుని ఆమె చెంగు పట్టి తీసుకుంది. తిరుగుబండిలో దారి పొడుగునా ఆ చీర అంచు నిమురుతూనే ఉంది.

ఆ ఏడు కల్లాలు అయిపోయాయి. చెనిక్కాయలు రాలేదు. తమ్ముడికి ఒళ్లు బాగాలేదేమోనని భయపడి అవ్వ తనే బయల్దేరింది. చెరువు గట్టు ఎక్కి చూస్తే చేను లేదు. చదును చేసిన నేల, దాని మీద గొర్రెలు మేసిన పొట్టి గడ్డి. గడ్డి మొలవని చోట బంతి సాఫీగా దొర్లడానికి ఇసుకలో నూనె కలిపి గుండ్రంగా పరిచి ఉంది. దాని నడుమ చిన్న గుంత, గుంతలో ఒక కర్ర, కర్రకు ఎర్ర జెండా. దూరంగా నలుగురు టోపీల మనుషులు ఇనప కర్రలతో తెల్ల బంతిని కొడుతూ వస్తున్నారు.

అవ్వ పోయి ఆ జెండా పీకి భుజాన వేసుకుంది. టోపీల వాళ్లు ఎక్కడికి కొట్టాలో తెలియక కర్రలు పట్టుకుని నిలబడిపోయారు. ఆమె ఆ జెండాతోనే ఊర్లోకి నడిచి, ఓబుళప్ప అరుగు ముందర ఆగింది. నారాయణప్ప అక్కడే కూర్చుని ఉన్నాడు. అక్కను చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు.

"ఓబుళప్ప మామా, నా చేను యాడ పోయింది?"

ఓబుళప్ప ఆమెను వింతగా చూశాడు. "నువ్వే ఇస్తివి కదమ్మా. పసుపు కుంకుమ చేను, ఆయమ్మ ఒప్పుకోకుంటే అమ్మేదానికి లేదని నేనే అడ్డం పడినాను. మా అక్కకు ఇష్టమే, మీ అందరి ముందర టెంకాయ కొట్టి ఇస్తాదని నీ తమ్ముడే చెప్పె. నువ్వు వస్తివి, కొడితివి, చీర కూడా తీసుకుంటివి. మేమందరం చూస్తిమి."

"గట్టు రాయి అని చెప్పినాడు మామా."

"చేని నడుమ గట్టు రాయి ఏందమ్మా?"

ఎవరో నవ్వారు. అవ్వ తమ్ముడి వైపు తిరిగింది.

"చెప్పురా నారాయణా. గట్టు రాయి అన్యావా లేదా?"

నారాయణప్ప నేల చూస్తూ, "ఏమో అక్కా, నువ్వట్ల అనుకున్యావేమో" అన్నాడు.

చేను పోయినందుకంటే ఆ మాటకే ఆమె ఎక్కువ కుంగింది. ఏ రాయి చూసినా అక్క చేతులు ఆగవని తమ్ముడికి తెలుసు. ఆ తెలిసినదాన్నే వాడుకున్నాడు. జెండా అరుగు మీద పడేసి, నీళ్లు కూడా తాగకుండా ఆమె బస్సు కోసం నడిచింది. ఇంటికొచ్చాక పట్టుచీరను ఊర్లో ఒక పేదింటి పెళ్లికూతురికి ఇచ్చేసింది. పోతులయ్య "నేను ఆ పొద్దే చెప్పినాను" అనబోయి, ఆమె ముఖం చూసి ఎద్దులకు గడ్డి వేయడానికి పోయాడు.

దొర ఆట అరవై నాలుగు దాకా సాగింది. బెంగళూరు నుంచి మనుషులు రైల్లో హిందూపురం దిగి, అక్కణ్ణుంచి కార్లలో వచ్చేవారట. బంతి ఎలుక బొరియల్లో పడితే తవ్వించేవారట. తర్వాత వానలు మొహం చాటేశాయి. చెరువు ఎండి పగుళ్లిచ్చింది. సముద్రం లేని చోట దొరకు మనసు నిలవలేదు. ఆడడం మానేశాడు. మిట్టంతా కంప మొలిచింది. అక్కడ గాల్ఫు ఆడారంటే ఇప్పుడు ఎర్రగుట్టపల్లిలోనే నమ్మేవాళ్లు లేరు.

దొర గుమాస్తా వచ్చి భూములు వచ్చినకాడికి అగ్గువకు ఇచ్చేస్తున్నాడని బత్తలపల్లిలో తెలిసింది. అప్పట్నుంచి అవ్వ, వాకిట్లో బండి చప్పుడైతే చాలు, తల ఎత్తి చూసేది. తమ్ముడు చేను వెనక్కి కొని, తప్పు దిద్దుకుని వస్తాడని ఆశపడింది. నారాయణప్ప కొన్నాడు. తన కొడుకు పేరు మీద కొన్నాడు. ఆ సంగతి ఆమెకు తాడిమర్రి సంతలో పరాయివాళ్లు చెప్పారు.

మరుసటి ఏడు కల్లాలు కాగానే బండి వచ్చింది. నారాయణప్ప చెనిక్కాయల మూట భుజాన పెట్టుకుని గడప దాటాడు.

"రండి. కూచోండి" అంది అవ్వ.

"ఏమక్కా, నన్ను పట్టుకుని రండి అంటాండావు?"

"ఇంటికొచ్చిన వాళ్లను అట్లే కదా పిలవాల."

చాప వేసింది. కాళ్లకు నీళ్లిచ్చింది. రాగి ముద్ద, పులుసు, నెయ్యి, ఏ లోటూ లేకుండా పెట్టింది. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చోలేదు. చెయ్యి కడుక్కున్నాక మూట వైపు చూసి అడిగింది.

"మూట ఏం ధర చెప్తాండారు?"

"ధరేందక్కా. నీ చేనివే ఇవి. నూనె పోసిన చోట మొలకే రాలేదు, మిగతా చోట బాగా కాసింది."

"నా చేనా? అయితే ఇప్పుడే నీ బండిలో వస్తాను. ఓబుళప్ప మామ అరుగు కాడ నలుగురి ముందర ఈ మాటే చెప్పు. మా అక్కకు అబద్ధం చెప్పి తీసుకున్యానని చెప్పు. నాకు చేను కూడా వద్దు."

నారాయణప్ప తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ చుట్టుకున్నాడు.

"ఇప్పుడు పిల్లోడి పేరు మీద ఉండాదక్కా. వానికి పెండ్లి సంబంధాలు చూస్తాండాము. నలుగురిలో అట్లా అంటే…"

"అట్లయితే ధర చెప్పండి."

పోతులయ్య మధ్యలోకి వచ్చాడు. మూటలోంచి ఒక కాయ తీసి చిట్లించి నోట్లో వేసుకున్నాడు. "కాయ మటుకు బాగుండాది. కొందామేమే?"

"వద్దు. సంతలో ఇంతకంటే మంచివి దొరుకుతాయి" అని ఆమె లోపలికి పోయింది.

నారాయణప్ప మూట మళ్లీ బండికెత్తుకున్నాడు. ఎప్పుడు వచ్చినా అక్క వీధి మలుపు దాకా వచ్చి, "పోయి రా నాయనా" అని చెప్పి గానీ పంపేది కాదు. ఆ మాట కోసం బండి పక్కన చాలాసేపు నిలబడ్డాడు. లోపల్నుంచి గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది.