కాకినాడ చుట్టం

మూడో అధ్యాయంలో నా గూఢచారి అన్నానికి కూర్చోగానే మామ్మగారు చెయ్యెత్తి ఆపేశారు.

"ఆగమ్మా. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదా?"

"ఏమడగాలండీ?"

"ఏమడగాలేమిటి! ఏ ఊరు, ఎవరి తాలూకు, తల్లి ఎవరింటి ఆడపడుచు, ఎవరి పిల్లని చేసుకున్నాడు... ఏమీ అడక్కుండా విస్తరి వేసేసేరా?"

మామ్మగారంటే మా వారి నాయనమ్మ. తొంభై దాటాయి. చూపు తగ్గింది గానీ పాము చెవులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి వరండాలో కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీరుతారు. పది నెలల మా పాప పడుకోగానే నేను రాసిన కాగితాలు తెచ్చి ఆవిడకి చదివి వినిపిస్తాను. రాయడం మాత్రం రాత్రిపూట, ఇల్లు సద్దుమణిగాక.

ఒక వారపత్రిక గూఢచారి నవలల పోటీ పెట్టింది. కథ కల్పితమే అయినా వెనకాల నిజంగా జరిగిన యుద్ధం ఉండాలని షరతు. నెలాఖరులోగా పంపాలి. పెళ్ళయ్యాక ఇంటి కోసం కాకుండా నా కోసం నేను మొదలుపెట్టిన మొదటి పని అది. ఇది కూడా సగంలో వదిలేస్తే ఇక ఏదీ మొదలుపెట్టనేమోనని భయం.

అమలాపురంలో డిగ్రీ చదివే రోజుల్లో బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపులో అలాంటి నవలలు ఎన్ని తెచ్చుకున్నానో లెక్కలేదు. యుద్ధం ఎలా ముగిసిందో చరిత్ర పుస్తకంలో ఉంటుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. దొంగ పేరుతో రైలెక్కిన ఆ ఒక్క మనిషి ఏమయ్యాడన్నదే బెంగ. నాలాంటి భయస్థురాలికి అంతకన్నా హాయైన చదువు లేదు. ప్రపంచానికి ఏమీ కాదని ముందే తెలుసు కదా.

నా కథ ఇది. రెండో ప్రపంచయుద్ధంలో కాకినాడ మీద బాంబులు పడతాయి. జనం మూటాముల్లె సర్దుకుని తలోదిక్కూ పోతారు. కొందరు కోటిపల్లి రేవు దాటి కోనసీమలో చుట్టాల ఇళ్ళకి చేరతారు. వాళ్ళలో కలిసిపోయి శత్రువుల మనిషి ఒకడు వస్తాడు. అల్లవరం దగ్గర ఒక ఇంట్లో పది రోజులు ఉండి, సముద్రం ఒడ్డు నుంచి లాంతరుతో సైగలు చేస్తాడు. అప్పటికి కిరసనాయిలు దొరికేదా, పడవలు ఏ వేళకి నడిచేవి, అన్నీ వెతికి నోటు పుస్తకంలో రాసుకున్నాను. చరిత్ర దగ్గర తప్పు దొరకకూడదని నా భయం. మామ్మగారు పట్టుకున్నది వేరే చోట.

"పది రోజులా! మా ఊళ్ళో పప్పు వడ్డించేలోపే దొరికిపోతాడు," అన్నారు.

ఆవిడ మాట నిజమే. మండపేట నుంచి కోడలిగా వచ్చిన రోజే, మధ్యాహ్నం అయ్యేలోపు మా మేనత్త తోడికోడలి పుట్టిల్లు దాకా లాగేశారు. పాపకి టీకా వేయించడానికి వెళితే నర్సు గారు సూది చేత్తో పట్టుకుని "ఎవరి కోడలండీ మీరు?" అని అడిగి, జవాబు విన్నాకే సూది దించారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా వారు తేలిగ్గా తేల్చేశారు. "గూఢచారిని మూగవాణ్ణి చేసెయ్. గొడవుండదు."

"మూగవాడైతే మరీ అడుగుతారు. ఎప్పట్నించి, ఏ డాక్టరుకి చూపించేరు అని," అన్నారు అత్తయ్యగారు, పాపకి అన్నం మెదుపుతూ.

రెండు రోజులు ఒక్క వాక్యం నడవలేదు. పదిహేను రోజులే మిగిలాయి. మూడో రోజు మధ్యాహ్నం మామ్మగారే పిలిచారు.

"అమ్మాయ్, పాప పడుకుందా?"

"ఆయ్, పడుకుందండి."

"ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవా?"

"చూసేనండి."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మూడోసారి కూడా చూసొచ్చి కూర్చో. నేను చెప్పేది మధ్యలో ఆపేది కాదు."

నిజంగానే మూడోసారి చూసి వచ్చాను.

అప్పుడు ఆవిడకి ఏడెనిమిదేళ్ళట. పుట్టిల్లు ముమ్మిడివరం దగ్గర. కాకినాడ మీద బాంబులు పడ్డ వారానికల్లా ఇంటి నిండా జనం. అరుగు మీద తల్లి వైపు వాళ్ళు, హాల్లో తండ్రి వైపు వాళ్ళు, ధాన్యం కొట్లో పిల్లలు. వాళ్ళతోపాటు చిన్న ట్రంకు పెట్టె పట్టుకుని ముప్పై ఏళ్ళ మనిషి ఒకాయన వచ్చాడు.

"మరి అడగలేదాండీ, ఎవరి తాలూకు అని?"

"అడక్కేం? మా బాబాయి అడిగేడు. ఆ వచ్చినాయన నోరు తెరిచేలోపే పక్కనున్న పెద్దాయన అందుకున్నాడు. 'ఎవరి తాలూకేంటయ్యా, ఆ ముక్కు చూస్తే తెలీట్లేదా? అచ్చం మన పెద్దక్క ముక్కే' అని. ఆయన నవ్వేడు. అంతే, చుట్టమైపోయేడు."

నెల్రోజులు ఉన్నాడట. ఆగిపోయిన గోడ గడియారం విప్పి బాగుచేశాడు. రోజు విడిచి రోజు సముద్రం దాకా నడిచి వెళ్ళేవాడు. ఎందుకని అడిగితే, ఓడలేమైనా కనబడతాయేమో చూసి వస్తున్నానని చెప్పేవాడు. సాయంత్రం కాలవ గట్టు మీద కూర్చుని కాగితం మీద ఏవో గీతలు గీసేవాడు. ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టి మామ్మగారి బొమ్మ గీశాడు, రెండు జడలతో సహా.

"ఒకరోజు పెరుగన్నం తిని, అందరికీ చెప్పి, ఆవకాయ జాడీ పట్టుకుని వెళ్ళిపోయేడు. ఆ రాత్రి మా నాన్న అన్నాడు, 'మీ వాళ్ళలో ఆయనొక్కడే నెమ్మదస్తుడు' అని. మా అమ్మ తెల్లబోయింది. 'మా వాళ్ళేమిటండీ, మీ వాళ్ళు కదా!' అంది."

నేను ముందుకి జరిగాను. "మరి ఎవరండీ ఆయన?"

"ఎవరికి తెలుసు! మా తాతయ్య అందర్నీ కూర్చోబెట్టి చెప్పేడు. ముక్కూ మొహం తెలీని మనిషికి నెల్రోజులు చుట్టమని వడ్డించేమంటే ఊరూ వాడా నవ్వుతారు, ఈ మాట గడప దాటకూడదని. దాటలేదు. ఇంక నవ్వేవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి నువ్వు రాసుకో."

"నిజంగా గూఢచారే అయ్యుంటేనో?"

"అయ్యుంటే అయ్యుంటాడు. కందిపచ్చడి అడిగి మరీ వేయించుకునేవాడు."

నా చిక్కు విడిపోయింది. గూఢచారి కట్టుకథ నేర్చుకుని రానక్కర్లేదు. ఊరే అల్లి ఇస్తుంది. వాడు నోరు మూసుకుని నవ్వితే చాలు. ఆ వారం కలం ఆగలేదు. పాలసీసా మరిగించే నీళ్ళు ఇగిరిపోయి గిన్నె రెండుసార్లు మాడింది.

అయితే మామ్మగారు కొత్త చిక్కు తెచ్చిపెట్టారు. "ఆఖర్ని ఏం చేస్తావు వాణ్ణి?" అని రోజూ అడగడం మొదలుపెట్టారు. నా నోటు పుస్తకంలో ముందునుంచీ ఒకటే ముగింపు ఉంది. సముద్రం ఒడ్డున పోలీసులు కాల్చేస్తారు. దాచలేక చెప్పేశాను. ఈనెలు చీరే చెయ్యి ఆగింది.

"చంపకు. నా బొమ్మ గీసిన చెయ్యి అది."

"బాంబులు వేయించడానికి వచ్చినవాడు కదండీ మామ్మగారూ."

"నీ వాడు వచ్చేడేమో. మా ఇంటికొచ్చినాయన ఏ బాంబూ వేయించలేదు."

ఆ బొమ్మ చూపించమని అడిగాను. ఎప్పుడో గోదారి వరదలో ట్రంకు పెట్టెతో సహా పోయిందట.

మూడు రోజులు ఇటూ అటూ కొట్టుకున్నాను. పక్కలో పాపని పెట్టుకుని, ఊళ్ళ మీదకి విమానాలు పిలిచేవాడి మీద జాలి ఎలా పడను? అలాగని మామ్మగారి చుట్టాన్ని నా చేత్తో ఎలా చంపను? గడువు రెండు రోజులుందనగా ఆఖరి అధ్యాయం పూర్తి చేసి వినిపించాను. పోలీసులు వస్తారు. ఇంటావిడకి అప్పటికే తెలిసిపోయింది, ఆ మనిషి ఎవరికీ ఏమీ కాడని. ఎవరితను అని ఇన్స్పెక్టరు అడిగితే ఆవిడ "మా తాలూకేనండి" అంటుంది. తలుపు వెనక నుంచి అది విన్న గూఢచారి, శత్రువులకి పంపాల్సిన కాగితాన్ని జేబులోంచి తీసి, ఆవిడ అన్నం వండుతున్న పొయ్యిలో పెట్టేస్తాడు.

చదవడం ఆపి చూశాను. మామ్మగారు చేతిలో ఉన్న ఈనె చివరిదాకా చీరి పక్కన పెట్టారు.

"తప్పు," అన్నారు.

"ఏదండీ? కాగితం కాల్చడమా?"

"అది కాదు. గుమ్మంలోకి పోలీసులొస్తే మా అమ్మ ముందే ఆ మాటనదు. 'భోజనాలయ్యేయా బాబూ?' అని అడుగుద్ది. తరవాతే ఏదైనా."

"మిగతాదండీ?"

"మిగతాది బాగానే ఉంది. పాప లేచినట్టుంది చూడు."

ఆ ఒక్క ప్రశ్న చేర్చేసరికి పోలీసులు నలుగురూ కాళ్ళు కడుక్కుని విస్తళ్ళ ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఇన్స్పెక్టరు తల్లిది ఏ ఊరో కూడా బయటపడింది. పేజీలు పెరిగాయి, పోటీకేమో పేజీల హద్దు ఉంది. అంతకు ముందు అధ్యాయంలో, ఇసకలో తుపాకులు పేలే నాలుగు పేజీలు నేను ఎంతో ముచ్చటపడి రాసుకున్నవి. వాటిని తీసేసి, పోలీసులకి పెరుగు దాకా వడ్డన పూర్తి చేసి, గడువు ముందు రోజు నవల పంపించేశాను.