చివరి అంకెలు

లాక్‌డౌన్‌లో నేను మ్యూనిక్‌లో మా అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయాను. విశ్వపు తొలి వెలుగు ఆకాశంలో మిగిల్చిన కాస్తంత వెచ్చదనాన్ని కొలిచే టెలిస్కోపు పరికరాన్ని తను పరీక్షిస్తోంది. ల్యాబులో మూడు వారాలు చల్లబరిచిన ఆ పరికరం వేడెక్కితే పని మళ్లీ మొదటికి వస్తుంది.

తను మీటింగులో ఉన్నప్పుడు, ల్యాప్‌టాప్‌లో కనిపించే దాని ఉష్ణోగ్రతను గంటగంటకూ నేను డైరీలో రాసేవాణ్ణి.

ఒకరోజు తను డైరీ చూసి, స్క్రీను చూసి ఉలిక్కిపడింది. "నాన్నా! చుక్క తర్వాతి చివరి అంకెలు వదిలేశావా? పొద్దుటి నుంచి పెరుగుతోంది!"

"లెక్కల్లో పైసలు వదిలేసే ఆఫీసు అలవాటమ్మా. అంత చిన్నవి దేనికిలే అనుకున్నాను."

"నా ఉద్యోగమే ఆ చిన్నవాటి మీద!" అంటూ మాస్కు తగిలించుకుని ల్యాబుకి పరుగెత్తింది.

సాయంత్రానికి అంకె తగ్గసాగింది. బయట మంచు కురుస్తోంది. ఒక్క అంకె కూడా వదలకుండా రాస్తూ, ఆ అనాది వెచ్చదనం మా కిటికీ మీద కూడా వాలుతోందని ఊహించుకుంటూ కూర్చున్నాను.