స్వాగతిస్తూ రాసిన అభ్యంతరం

మేం నాలా అనే పెద్ద వాననీటి కాలువ పక్కన కట్టబోయే బిల్డింగు గురించిన నోటీసును అశోక్ నగర్‌లో మా వీధి మొదట్లో ఉన్న కరెంటు స్తంభానికి కార్పొరేషన్ వాళ్లు కట్టారు. మా అపార్ట్‌మెంట్‌లో అందరికంటే ముందు దాన్ని చదివింది నేనే. నోటీసు కనబడితే చదవకుండా ముందుకు కదలలేను. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆఫీసులో ఉత్తరాలు రాసి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. అవతలి ఒడ్డున బిల్డరు కట్టే గోడ నాలాలోకి ఆరడుగులు జరుగుతుందట. దాని మీద అభిప్రాయాలూ అభ్యంతరాలూ ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో రాసివ్వాలట. తర్వాత విచారణ.

ఇవతలి ఒడ్డున, మా వెనకాలే, రెండు గదుల ఇల్లు ఒకటుంది. చీరలకు ఫాల్, పీకో కుట్టే ఆవిడది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. కుట్టుమిషన్ ఉన్న ముందుగది కిటికీ తెరిస్తే కింద నాలాయే. ముందటేడు వానలకు పైన హుస్సేన్ సాగర్ నుంచి నీళ్లు వదిలినప్పుడు ఆ గదిలో మోకాళ్ల లోతున నిలిచాయి. మిషన్ మోటారు కాలిపోయింది. ఎవరెవరివో పట్టుచీరలు బురదలో తేలాయి. నాలా ఇంకో ఆరడుగులు సన్నబడితే ఆ నీళ్లు ఎటు వెళతాయో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. అలాంటి వాన ఇంకొకటి పడితే ఆమె ఇల్లు వదిలిపోవాల్సిందే.

వినతిపత్రం నేను రాస్తానన్నాను. వీధి నిండా డీటీపీ షాపులున్నా చేత్తోనే రాస్తానని పట్టుబట్టాను. నా అక్షరాల మీద నాకు అంత గర్వం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సెక్షన్ హెడ్ ఒక పాఠం చెప్పారు. పైవాళ్లకు రాసేటప్పుడు మొదటి వాక్యంలో కాదనకూడదు, ముందు వాళ్ల పనిని మెచ్చుకుని, తర్వాత మన గోడు మెల్లగా చెప్పుకోవాలి అని. దాన్ని నేను ఒక్క రోజూ తప్పలేదు. అందుకే ఈ నిర్మాణాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నామని మొదలుపెట్టి, నాలా వెడల్పు విషయాన్ని తమరు సానుభూతితో పరిశీలించగలరని ముగించాను. మధ్యలో ఒక పేజీ వినయం.

రాసింది ఆమెకు చదివి వినిపించాను. ఆమె చేతిలో కత్తెర ఆగింది.

"గింత మెత్తగ రాస్తే వాళ్లకెట్ల సమజైతది అక్కా? మా ఇంట్లకు నీళ్లొస్తున్నయ్, గోడ వద్దని సాఫ్‌గ రాయున్రి."

దేనికైనా ఒక పద్ధతి ఉంటుందని చెప్పాను. ఎల్‌కేజీ పిల్లకు చెప్పినట్టు చెప్పాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె మళ్లీ కత్తెర ఆడించింది.

ఆదివారం పొద్దున్నే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. మొదటి సంతకం నాదే. ఎవరూ కాగితం చదవలేదు. మీరు రాశారంటే ఇంక చూసేదేముంది అన్నారు, నేను పొంగిపోయాను. ఆమె ఇంటికి వెళితే తాళం. ఫాల్ గుడ్డ కొనడానికి సుల్తాన్ బజార్ వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఎవరి కోసం ఇంత తిరుగుతున్నానో ఆ మనిషే ఇంట్లో లేదని విసుక్కున్నాను. అప్పటికే అరవై రెండు సంతకాలయ్యాయి, ఒకటి తగ్గితే ఏమవుతుందిలే అనుకున్నాను. సోమవారం కాగితం కార్పొరేషన్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను.

విచారణ రోజు మేమిద్దరమే వెళ్లాం. మిగతా అందరూ నేను చూసుకుంటానని ఇంట్లోనే ఉండిపోయారు. ఆటో చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద కదలకపోయేసరికి దిగి, నారాయణగూడలో ఉన్న ఆ ఆఫీసు దాకా నడిచాం. మేడ మీద హాల్లోకి అడుగుపెట్టేసరికి పదకొండున్నర దాటింది. బిల్డరు తరఫు మనిషి ఫైలు పట్టుకుని ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. మేం వెనక కూర్చునేసరికి అధికారి వచ్చిన కాగితాల వివరాలు చదువుతున్నాడు.

అభ్యంతరాలు ఏమీ రాలేదన్నాడు. నిర్మాణాన్ని స్వాగతిస్తూ స్థానికుల నుంచి ఒక ఉత్తరం వచ్చిందన్నాడు. సంతకాలు అరవై రెండు.

 లేచి నిలబడ్డాను. ఆ ఉత్తరం రాసింది నేనేనని, అది అభ్యంతరమేనని, చివరి పేరా చదవమని అడిగాను. ఆయన విసుక్కోలేదు. మర్యాదగా మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాడు. నా వాక్యాలు నాకే వేరెవరివో అనిపించాయి.

"ఇందులో వద్దన్న మాట ఎక్కడుంది మేడమ్?"

లేదు. ఆ కుర్చీలో నేనున్నా ఆ కాగితాన్ని స్వాగతించినవాళ్ల కట్టలోనే పెట్టేదాన్ని. అభిప్రాయం ఇచ్చినవాళ్లు మళ్లీ మార్చుకోవడం కుదరదన్నాడు. ఇంతవరకు ఏమీ ఇవ్వనివాళ్లు విచారణ ముగిసే పన్నెండు లోపల రాసిస్తే మాత్రం తీసుకుంటానన్నాడు. గోడ గడియారంలో పన్నెండుకు పావుగంట ఉంది. ఆ హాల్లో అలాంటి మనిషి ఒక్కతే ఉంది, నా పక్కన.

సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పెన్ను మూత తీశాను. ఆమె నా చేతిలోంచి రెండూ తీసుకుంది.

"నేనే రాస్త అక్కా."

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాసింది. ఒకచోట ఆగి పెన్ను ఎత్తింది. మాట అందిద్దామని నోటిదాకా వచ్చింది. నోరు నొక్కుకుని కూర్చున్నాను. బిల్డరు మనిషి గడియారం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. పన్నెండుకు మూడు నిమిషాలుందనగా లేచి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టింది. నాలా సన్నగ చేస్తే నీళ్లు మా ఇంట్లకు వస్తయి, పోయినసారి నా మిషన్ మునిగింది, గోడ వద్దు. అంతే. నేను ముప్పై మూడేళ్లలో ఒక్కసారి కూడా అలా రాయలేదు.

నెలన్నర తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఆమెకు పోస్టులో ఒక కాపీ పంపారు. చదివి పెట్టమని నాకు కబురు చేసింది. మిషన్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చదివాను. గోడకు అనుమతి ఇచ్చారు. ఒకరు భయం వెలిబుచ్చారని, అయితే అదే ఒడ్డున ఉంటున్న అరవై రెండు మంది నిర్మాణాన్ని మనస్ఫూర్తిగా స్వాగతించారని, అందువల్ల ఆ ఒక్కరి అభ్యంతరాన్ని తోసిపుచ్చుతున్నామని ఉంది. మనస్ఫూర్తిగా అన్న మాట నాదే, ఎత్తి రాసుకున్నారు. వెనక పేజీలో సంతకాల వరస జిరాక్సు తీసి జతచేశారు.

కిటికీ బయట అప్పటికే జేసీబీ చప్పుడు మొదలైంది. ఆమె ఆ వరసను చాలాసేపు చూసింది.

"మీ పేరు ఏడున్నది అక్కా?"

మొదటిదాని మీద వేలు పెట్టి చూపించాను. కోర్టుకు వెళదామని, నేనే తిరుగుతానని, ఏవేవో చెప్పుకుపోయాను. ఆమె కాగితాలు సరిచేసి, మడిచి, నా చేతికిచ్చింది.

"మీ రాత మంచిగుంటది. గందుకే అందరు నమ్మిన్రు."

కోపంగా అనలేదు. మళ్లీ మిషన్ వైపు తిరిగి, ఆపిన చీర అంచు చేతిలోకి తీసుకుంది.