నాలుగు విండోల ఫల్గుణ

పాంగి ఫల్గుణ గారికి లోకంలో నచ్చనిది ఒక్కటే, వరస తప్పడం. దేన్ని చూసి ఎక్కువకాలమైందో ముందు దాని దగ్గరికే వెళ్ళాలి. ఈ నియమం మనుషులకే కాదు, కూరలకీ, కుర్చీలకీ, కంప్యూటరు తెరమీది విండోలకీ వర్తిస్తుంది. ఆ విండోల మధ్య రెండేళ్ళు నలిగినదాన్ని కాబట్టి ఈ సంగతులు చెప్పే హక్కు నాకుంది.

ముంచింగిపుట్టులో మాది చిన్న ఆఫీసు. చిన్నపిల్లల కథల పుస్తకం తయారుచేసి బళ్ళకి పంపడం మా పని. ప్రతి కథా నాలుగు భాషల్లో, పక్కపక్కనే నాలుగు నిలువు వరసల్లో ఉండాలి: తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి, గదబ. నాలుగూ తెలుగు అక్షరాల్లోనే. నేను విజయనగరం నుంచి వచ్చిన టైపిస్టుని. తెలుగు తప్ప మిగతా మూడూ నాకు రావు. నోటుబుక్కుల్లో ఉన్నది ఉన్నట్టు కొట్టేదాన్ని. ఫల్గుణ గారు కంప్యూటరు ఇన్‌ఛార్జి, పైన మేనేజరు జగన్నాథరావు గారు. అంతే సిబ్బంది.

చేరిన మొదటి రోజు మౌస్ కోసం టేబులంతా వెతికాను. తీరా చూస్తే గోడకున్న మేకుకి తోకతో వేలాడుతోంది.

"ఇదేటండీ, ఇలా ఉరేశారు?" అన్నాను.

"దానికి వరస తెలీదమ్మా. ఎక్కడ నొక్కితే అక్కడికి పోతాది."

"మౌస్ పనే అది కదండీ?"

"పని కాదు, అదే దాని జబ్బు" అని ఫల్గుణ గారు కీబోర్డు నా ముందుకి తోశారు.

ఆయన వాడేది ఎప్పటిదో పాత టెక్స్ట్ ఎడిటరు. రంగులూ బొమ్మలూ ఉండవు గానీ, మనం ప్రోగ్రాము రాసి ఏం చెప్తే అది వింటుంది. తెరని నాలుగు విండోలుగా చీల్చి భాషకొకటి పంచారు. కర్సరు ఏ విండోలో ఉంటే మనం కొట్టింది అందులో పడుతుంది. మామూలు మనుషులైతే తమకి కావలసిన విండోని తామే ఎంచుకుంటారు. ఫల్గుణ గారు ఆ అధికారం మనిషి చేతిలోంచి లాగేసి ప్రోగ్రాముకిచ్చారు. ఒక విండోలో పది లైన్లు నిండగానే అది కర్సరుని లేపి, అన్నిటికన్నా ఎక్కువసేపుగా ఎవరూ చూడని విండోలో కూర్చోబెడుతుంది. నేను ఆ భాష నోటుబుక్కు అందుకోవాలి.

"తెలుగు బాగా నడుస్తోందండీ, ఈ కథ అయ్యేదాకా ఇక్కడే ఉండనివ్వండి" అని బతిమాలాను.

"తెలుగు ఎక్కడికి పోతాదమ్మా? అలా కూకోనీ. కువి మొహం చూసి ఎంతసేపయింది నువ్వు?"

నా కళ్ళెప్పుడూ నోటుబుక్కు మీదే ఉంటాయి. ఓసారి "పులి నోరు తెరిచి" అన్నంతవరకూ తెలుగు విండోలో పడింది. సరిగ్గా అక్కడ పది లైన్లు నిండాయి. "మేకపిల్లని మింగబోయింది" అన్నది వెళ్ళి కువి విండోలో పడింది. వారం తరవాత, కువి పేజీలు సరిచూసే కృపావతి టీచరు ప్రింటు పట్టుకుని వచ్చింది.

"హారికా, మాకింకా కుందేలు పెళ్ళి కథే నడుస్తంది. పెళ్ళి మధ్యలో మేకపిల్లని ఎవులు మింగారు?"

తెలుగులో చూస్తే పులి వారంరోజులుగా నోరు తెరుచుకునే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఫల్గుణ గారు మాత్రం చెక్కుచెదరలేదు.

"పులికేటి తొందర? దాని వరస వచ్చినప్పుడు మూస్తాది" అన్నారు.

ఇంటిదగ్గరా, వీధిలోనూ అదే తంతు. ఈశ్వరమ్మ టీ కొట్లో నాలుగు బల్లలుంటే రోజుకో బల్ల మీద కూర్చునేవారు. ఒకరోజు వరస బయటి బల్లకి వచ్చింది. కుండపోత వాన. గొడుగేసుకుని అక్కడే కూర్చున్నారు. గాలికి గొడుగు ఓ పక్కకి, గ్లాసు ఓ పక్కకి అయ్యాయి.

"బాబూ, టీ సాలిందా?" అని ఈశ్వరమ్మ లోపల్నుంచి కేకేసింది.

"సాలడమేటి, ఎంత తాగినా తరగట్లేదు!"

చుట్టాల విషయం మరీ ఘోరం. కొయ్యూరు వైపు మేనత్త వరస ఆవిడ ఒకామె ఉంది. పదకొండేళ్ళుగా ఎవరూ ఆ గడప తొక్కలేదని లెక్క తేల్చి, ఓ ఆదివారం ఉన్నట్టుండి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ చూసీ చూడగానే గుండె పట్టుకుని "ఎవులు పోయార్రా నాయినా!" అని శోకాలందుకుందట. అందరూ బతికే ఉన్నారని నమ్మించడానికి మధ్యాహ్నం దాటింది. నమ్మాక కోడిని కోసిందట.

జగన్నాథరావు గారికి ఈ వ్యవహారమంతా ఒళ్ళుమంట. "నేను మేనేజర్నమ్మా. తెలుగు పేజీ చూపించవయ్యా అంటే, ఇప్పుడు ఒడియా నడుస్తోంది సార్, ఆరు లైన్లు ఆగండి అంటాడు. నా ఆఫీసులో నేను క్యూలో నిలబడాలా?" అని నాతో మొత్తుకునేవారు. మొత్తుకుంటూనే ఆరు లైన్లూ ఆగేవారు.

గదబ కథలు చెప్పేది దేముడమ్మ. అరవై దాటిన మనిషి, చదువు రాదు. అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని కొండమీది ఊరి నుంచి సంతరోజు మాత్రమే దిగేది. ఆకులు అమ్ముకున్నాక మా ఆఫీసు అరుగు మీద కూర్చుని కథ చెప్తే, ఫల్గుణ గారు నోటుబుక్కులో రాసుకునేవారు. అంతకుముందు ఎవరెవరో రెండుసార్లు ఆవిడ చేత కథలు చెప్పించుకుని వెళ్ళారట. ఏ పుస్తకమూ రాలేదు. అందుకే లేచి వెళ్ళేముందు ప్రతి వారమూ ఒకటే అడిగేది.

"మా మాట బుక్కులోకి ఎక్కుతాదా బాబూ?"

"ఎక్కుతాది అప్పా" అనేవారు ఫల్గుణ గారు. ఆవిడ నమ్మినట్టు కనిపించేది కాదు.

పోయిన జులైలో విశాఖపట్నం ప్రెస్సు నుంచి కబురొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా ఫైలు చేరకపోతే ఈ ఏడాదికి పుస్తకం లేనట్టే. బుధవారం జగన్నాథరావు గారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు.

"పూర్తయిన భాషలే పంపుదాం. అరకొరగా ఉన్నది ఏదైనా సరే తీసేసి, వచ్చే ఏడాది చూద్దాం."

ఏదైనా సరే అన్నారు గానీ చూపు గదబ నోటుబుక్కు మీదే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఇలాంటి పనుల్లో చివరికి మిగిలిపోయే భాష ఏదో ఆయనకి అనుభవం. నాకు దేముడమ్మ మొహం గుర్తొచ్చింది.

"రాసియ్యండి సార్" అన్నారు ఫల్గుణ గారు.

"ఏమిటి రాసివ్వడం?"

"ఆ రూలు. సంతకం ఎట్టి."

జగన్నాథరావు గారు విసురుగా రాసి సంతకం పెట్టారు. శుక్రవారం పొద్దున్న పదకొండింటికి ముగ్గురం తెర ముందు కూర్చుని లెక్కపెట్టాం. మొత్తం కథలు ఇరవై నాలుగు. ఒడియా ఇరవై నాలుగు. కువి ఇరవై నాలుగు. గదబ ఇరవై నాలుగు, తప్పులు దిద్దినవి కూడా. తెలుగు ఇరవై ఒకటి.

జగన్నాథరావు గారు కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి లెక్కపెట్టారు. ఇరవై ఒకటే.

"తెలుగు లేకుండా పుస్తకమేమిటయ్యా!"

"వచ్చే ఏడాది సూద్దాం సార్" అన్నారు ఫల్గుణ గారు, కాగితం ఆయన ముందు పెట్టి.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అమ్మా హారికా, బేగి కొట్టమ్మా" అన్నారు నాతో. నేను మొదలుపెట్టాను. పది లైన్లు కాగానే కర్సరు గదబలోకి దూకింది. వెనక్కి తెచ్చాను. మళ్ళీ పది, మళ్ళీ దూకుడు. ఈ ఒక్కరోజుకి దీన్ని ఆపుదామంటే, ఫల్గుణ గారు టీ చెప్పడానికి వెళ్ళారు. రెండేళ్ళలో ఆ ప్రోగ్రాము భాష నాకూ కాస్త పట్టుబడింది. నేనే ఆ ఫైలు తెరిచాను.

చదివి ఆశ్చర్యపోయాను. ఎక్కువసేపు చూడని విండోకి వెళ్ళమనే మాట అందులో ఉంది, నిజమే. దాని కిందే ఇంకో మాట కూడా ఉంది. తెలుగు వరస నాలుగుసార్లు వస్తే, అందులో ఒకసారి ఆ వరస తీసి గదబకి ఇవ్వమని. వరస వరస అని రెండేళ్ళు నన్ను వేపుకు తిన్న మనిషి, గుట్టుగా వరసే తప్పిస్తున్నాడు! నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

టీ గ్లాసులతో వచ్చినాయనకి తెర చూపించాను. "ఏటండీ ఇది? వరస అన్నారు?"

ఫల్గుణ గారు దొరికిపోయిన దొంగలా నిలబడ్డారు. గ్లాసులు బల్లమీద పెట్టి మెల్లగా అన్నారు.

"వరసేనమ్మా. తెలుగుకి నువ్వున్నావు, మేనేజరు గారున్నారు. ఎప్పుడు కొట్టినా అవుతాది. ఆవిడ వారానికొక్కరోజు మూడు గంటలు నడిచొస్తాది. ఆ నడక కూడా కలుపుకుంటే వరస ఆవిడదే గదా."

ఆ మనిషి మీద అంతకుముందెప్పుడూ లేనంత ఇష్టం కలిగింది. ఆయన కీబోర్డు అందుకుని ఒక్క లైను కొట్టారు. మూడు విండోలు తప్పుకుని తెరనిండా తెలుగు ఒక్కటే నిలిచింది. జగన్నాథరావు గారు కుర్చీ లాక్కుని, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా నోటుబుక్కు చదివిపెట్టారు. నాలుగూ నలభైకి ఫైలు వెళ్ళిపోయింది.

నెల తిరిగేసరికి పుస్తకాలు వచ్చాయి. సంతరోజు దేముడమ్మ అరుగు మీద కూర్చోగానే మొదటి కాపీ ఆవిడ ఒళ్ళో పెట్టి, గదబ వరస ఏదో చూపించాను. పైనుంచి కిందిదాకా వేలితో తడిమింది. నేను చదివి వినిపించాను. నేను పలికిన తీరుకి పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఒక మాట దిద్దింది. తరవాత పక్క వరస మీద వేలు పెట్టింది.

"మరిదేటి పిల్లా?"

"అది తెలుగు మామ్మా."

"ఓహో, మీదీ ఎక్కించినారా?" అని ఆవిడ సంతోషంగా తలూపింది. "మంచి పని సేసినారు. మీ గుంటలూ సదువుకోవాల గదా!"