మిల్లు మూసిన రోజు

ఎక్కడైనా పచ్చి రంపపు పొట్టు వాసన తగిలితే, చింతపల్లిలో మా తాత కోతమిల్లు మూసిన రోజు గుర్తొస్తుంది. అంతకు కొద్దిరోజుల ముందే, కొండ మీద నరుకుతున్న చెట్టు కూలి మీద పడడంతో మా పెదనాన్న చనిపోయాడు. చిన్నదాన్నని నాకు మాత్రం ఊరెళ్లాడని చెప్పారు.

ఆ ఉదయం రంపం చప్పుడు వినిపించలేదు. తాత కూలీలందరినీ కొండకు తీసుకెళ్లి, పెదనాన్న పోయిన చోట సిల్వర్ ఓక్ మొక్కలు నాటించాడు. మధ్యాహ్నం అక్కడే అందరికీ భోజనాలు పెట్టారు. నాకది పండగలా ఉంది.

"తాతా, రేపు కూడా సెలవేనేటి?" అని అడిగాను.

"రేపేటే గుంటా, ఇంకెప్పుడూ మిల్లు తియ్యం. మొక్కలే పెంచుదుం."

"పెదనానొచ్చినాక ఆయన సేత కూడా ఒకటి ఏయిద్దుమా?"

తాత ముఖంలో ఏ మార్పూ లేదు. ఒక మొక్క నా చేతిలో పెట్టి, "ఆడిది నువ్వే ఏసీయే," అన్నాడు. సంబరంగా నాటాను.

ఇప్పుడు మొక్కల నర్సరీయే మా కుటుంబ వ్యాపారం. ఏటా ఆ రోజు ఊరంతా పనులు మానుకుని మొక్కలు నాటుతుంది. ఈ పండగ ఎలా మొదలైందని ఈ ఏడు ఒక పాప నన్నడిగింది. జరిగిందంతా చెప్పాను. వేరే ఎవరింటి సంగతో చెప్పినట్టు చెప్పి, గునపం తీసుకుని పక్క గుంత తవ్వడం మొదలుపెట్టాను.