బోణీ కాకముందు

1988 వేసవి చివర్లో నన్ను విశాఖపట్నం నుంచి రాయపూర్‌కి ఏరియా సేల్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. అప్పటికి ఆ ఊరు మధ్యప్రదేశ్‌లోనే ఉంది. మా కంపెనీ బట్టల సబ్బులు చేసేది. చేరగానే నా నెత్తిన పడిన పని, ఖాళీగా ఉన్న ఒక సేల్స్ రిప్రజెంటేటివ్ ఉద్యోగానికి మనిషిని ఎంపిక చేయడం. మా లైన్లో అది అట్టడుగు మెట్టు. రోజుకొక పేట చొప్పున దుకాణాలు తిరిగి ఆర్డర్లు రాసుకురావాలి. ఆ తిరుగుడునే బీటు అంటాం. సరుకును మర్నాడు స్టాకిస్టు, అంటే మా దగ్గర టోకున కొని నిలవ చేసుకునే వ్యాపారి, దుకాణాలకు చేరవేస్తాడు. నేనూ ఆ మెట్టు మీంచి వచ్చినవాణ్ణే.

మామూలుగా ఇంటర్వ్యూ నేనొక్కణ్ణే చేయాలి. కానీ నాకు ముందున్న అధికారి ఖాళీ అయిన ప్రతి కుర్చీలోనూ తన బంధువుల్ని కూర్చోబెట్టాడని హెడ్డాఫీసుకు ఫిర్యాదు వెళ్లింది. అందుకని రీజనల్ మేనేజర్ తివారీ గారు భోపాల్ నుంచి స్వయంగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయన ఆమోదం లేనిదే ఎవరినీ తీసుకోకూడదు. ఆయన నవ్వగా చూశామని మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

స్టేషన్ దగ్గర ఒక లాడ్జి హాల్లో మొదటి వడపోత. వచ్చినవాళ్లలో ప్రేమ్‌కుమార్ అనే అబ్బాయి ఒకడు. తాతల నాడు కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తండ్రి రైల్వేలో ఫిట్టరు, దీపావళి లోపు రిటైరవుతున్నాడు. ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చేయాలి. ఇంటికి పెద్దకొడుకు ఇతనే. చెల్లెళ్లిద్దరూ ఇంకా చదువుకుంటున్నారు. ఇదంతా దరఖాస్తులోనూ, కొంత అతని మొహంలోనూ కనిపిస్తూనే ఉంది.

ఆ రోజుల్లో సేల్స్ ఇంటర్వ్యూ అంటే ఒక అరిగిపోయిన ప్రశ్న ఉండేది. బల్ల మీద పెన్ను పెట్టి, దీన్ని నాకు అమ్ము అనడం. తివారీ గారు అదే అడిగారు. ఉదయం నుంచీ వచ్చినవాళ్లంతా ఆ పెన్నును ఆకాశానికెత్తి మా చెవులు చిల్లులు పడేలా చేశారు. ప్రేమ్‌కుమార్ తివారీ గారి జేబు వైపు చూశాడు. తర్వాత బల్ల మీద ఉన్న నా పేరు చూసి, తెలుగువాణ్ణని పోల్చుకుని, అలవాటు కొద్దీ తెలుగులోకి దిగిపోయాడు.

“సార్ జేబులో ఆల్రెడీ రెండు పెన్నులున్నాయి కదండీ. సియాహీ ఖతం అయిందా లేదా అని ముందు అడగాలి కదండీ. అడక్కుండా ఎలా అమ్ముతామండీ?”

పరాయి ఊళ్లో తెలుగు మొహం కనబడితే మనవాళ్లకు నోరు ఆగదు. రైలు పెట్టెలో అయితే ముచ్చటే, ఇంటర్వ్యూ బల్ల ముందు మాత్రం కొంప మునుగుతుంది. తివారీ గారు నావైపు తిరిగి, మీ వాడేనా నాయుడు జీ, అని అడిగారు. ముందు సిరా అయిపోయిందో లేదో అడగాలన్న అతని మాటను హిందీలో చెప్పాను. ఆయన తల ఊపారు గానీ చూపులో అనుమానం అలాగే ఉండిపోయింది.

నిజానికి ఆ రోజు విన్న జవాబుల్లో సరైనది అదొక్కటే. ఆ మాట నేను గట్టిగా అంటే, మనవాణ్ణి వెనకేసుకొస్తున్నాననుకుని అతనికి ఉద్యోగం రాకుండా పోతుంది. అనకపోతే నా మనసు ఒప్పుకోదు. ఆలోచించి, ఇతని విషయంలో నా మార్కులు లెక్కలోకి తీసుకోవద్దని తివారీ గారికి చెప్పాను. రెండో వడపోత మార్కెట్‌లో జరుగుతుంది. అభ్యర్థి నిజమైన దుకాణానికి వెళ్లి నిజమైన ఆర్డరు తేవాలి. ఎప్పుడూ నేనే వెంట వెళ్లేవాణ్ణి. ఈసారి మీరే వెళ్లండి, నేను రాను అన్నాను. ఆయన సరేనన్నారు.

మర్నాడు ప్రేమ్‌కుమార్‌తో కలిపి ముగ్గురు అభ్యర్థులను తీసుకుని ఆయన తెలీబంధా బజారుకు వెళ్లారు. నేను స్టాకిస్టు గోదాములో సబ్బు పెట్టెల మధ్య కూర్చుని టీ మీద టీ తాగాను. నా కూతురి పెళ్లిచూపులప్పుడు కూడా అంత గాభరా పడలేదు.

మధ్యాహ్నం తివారీ గారు దుమ్ముకొట్టుకుపోయిన బూట్లతో వచ్చి కూర్చుని, జరిగింది చెప్పారు. తొమ్మిదింటికల్లా మొదటి దుకాణం గుమ్మం ఎక్కాలని మా కంపెనీ నియమం. మిగతా ఇద్దరూ టంచనుగా ఎక్కారు, అంతే టంచనుగా తర్వాత రమ్మనిపించుకుని దిగారు. ప్రేమ్‌కుమార్ మాత్రం దుకాణం ఎదురుగా నిలబడిపోయాడు. ఎందుకు ఆగావంటే, సేఠ్‌కి ఇంకా బోహనీ కాలేదు సార్ అన్నాడు. బోహనీ అంటే మన బోణీయే. మొదటి బేరం జరిగి గల్లాపెట్టెలో డబ్బు పడేదాకా, డబ్బు బయటికి పోయే మాట ఆ బజారులో ఎవరూ వినరు.

తివారీ గారు వినలేదు. నియమం నియమమే, వెళ్తావా వెళ్లవా అని గద్దించారు. ఉద్యోగం ఇచ్చే మనిషి నోటి నుంచి ఆ మాట వస్తే ఎవరైనా వెళ్తారు. అతను చేతులు కట్టుకుని ఇలా అన్నాడట.

“ఇవాళ మీ మాట కోసం ఎక్కొచ్చు సాబ్. కానీ రేపట్నుంచి ఈ గుమ్మం ఎక్కాల్సింది నేను. ఏడాదంతా ఆయన నన్ను చూసి మొహం తిప్పుకుంటే కంపెనీకే నష్టం.”

అలా అని అక్కడే నిలబడ్డాడు. ఈలోగా ఒకావిడ వచ్చి అగ్గిపెట్టె కొనుక్కుంది. సేఠ్ ఆ నాణెం కళ్లకద్దుకుని, ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణి తనే చెయ్యూపి పిలిచాడు. రెండు పెట్టెల సబ్బుకు ఆర్డరు వచ్చింది.

“మరి మీరు అంతలా ఎందుకు గద్దించారండీ?” అని అడిగాను.

“మా నాన్నది సాగర్‌లో బట్టల దుకాణం, నాయుడు జీ. బోహనీ సంగతి నాకు తెలియదా? పై అధికారి భయానికి దుకాణదారుణ్ణి వదిలేస్తాడేమో చూద్దామనుకున్నాను.” నియామక పత్రం తీసి సంతకం చేస్తూ మొదటిసారి నవ్వారు. “నిన్న మీ వాడా అని అడిగాను కదా. కాదు, నా వాడు.”

హమ్మయ్య అనుకున్నాను. బయట మెట్ల మీద కూర్చున్న ప్రేమ్‌కుమార్‌ని పిలిచి కాగితం చేతిలో పెట్టాను. అతను దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

“నాన్నగారు డ్యూటీలో ఉన్నారండీ. ఛుట్టీ అయ్యేదాకా ఆగలేనండీ, ఇప్పుడే వెళ్లి చెప్పేసొస్తానండీ.”

“హిందీలో చెప్పవయ్యా,” అన్నాను, “తివారీ గారు ఇంకా లోపలే ఉన్నారు.”

ఆ నెల నుంచే రాయపూర్ బీటుకు తొమ్మిది గంటల నియమం ఎత్తేశాం. క్వార్టరు ఖాళీ చేసే వేళకు ప్రేమ్‌కుమార్ తన జీతం మీద ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూలు చేశాను గానీ పెన్ను అమ్మమని ఎవరినీ అడగలేదు. మనవాడు బల్లకు అవతల కూర్చున్నప్పుడు అతనికి చేయగల పెద్ద సాయం, మన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవడమే.