ఆ పేరా రాసింది నేనే

తొంభైల చివర్లో నేను మదనపల్లెలో హైస్కూలు డ్రాయింగ్ మాస్టారిని. తరగతికి వారానికి ఒక్క పీరియడు. లెక్కల మాస్టారు సిలబస్ పూర్తికాలేదంటే అదీ ఆయనకు ఇచ్చేయాలి. అలాంటి నాకు ఒకరోజు బెంగుళూరు నుంచి రిజిస్టరు పోస్టులో పెద్ద కవరు వచ్చింది. పంపింది చిత్రకారులకు అండగా నిలిచే ఒక ట్రస్టు. అప్పుడప్పుడే పైకొస్తున్న ఇద్దరు ముగ్గురిని వాళ్లు ఏటా ఎంచి, ఏడాదిపాటు బొమ్మలు వేసుకోవడానికి గది, నెలనెలా ఖర్చులు, చివర్లో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసేవారు. ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవడానికి వీల్లేదు. ఊరికొకరిని పట్టుకుని, మీ ఎరుకలో ఉన్న ఒక్కరి పేరు పంపమని అడిగేవారు. ఎప్పుడో ఒక ఆర్టు క్యాంపులో నాతోపాటు ఉన్న శిల్పి నా పేరు చెప్పినట్టుంది. ఆర్టిస్టుకు ముందుగా తెలియనివ్వొద్దని, ఆశపెట్టి నిరాశపరచడం బాగుండదని ఉత్తరంలో రాశారు.

ఆ కవరు చూసి నేను పొంగిపోయాను. అందరికీ కనబడేలా దాన్ని స్టాఫ్ రూములో బల్లమీద రెండు రోజులు పెట్టాను.

ఎవరి పేరు రాయాలన్నది పెద్దగా ఆలోచించాల్సిన పనిలేదు. పుంగనూరులో బోర్డులు రాసే పెద్దాయన ఒకరు ఉండేవారు. అంతకుముందొకసారి మా స్కూలు గోడమీద పేరు రాయించడానికి ఆయన్ను పిలిపిస్తే, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నారు. ఎక్కి రాసింది ఆమె. ఆయన చెయ్యి వణకడం మొదలై అప్పటికే మూడేళ్లయిందట. బోర్డు చివర మాత్రం తండ్రి సంతకమే చేసింది. అత్తగారి ఊరు బైరెడ్డిపల్లె నుంచి వచ్చేసి, తనను చూసుకుంటూ పుంగనూరులోనే ఉందని పెద్దాయన చెప్పారు. ఇరవయ్యారేళ్లు ఉంటాయేమో.

తర్వాత ఒక పనిమీద వాళ్లింటికి వెళ్లినప్పుడు, వెనక వసారాలో గోడకు ఆనించిన రేకులు చూశాను. అంగళ్లవాళ్లు మార్చేసిన పాత బోర్డుల రేకులమీద ఎనామిల్ రంగులతో బొమ్మలు వేసుకుంటోంది. పాత అక్షరాలను పూర్తిగా చెరపలేదు. 'రెడీమేడ్' అన్న మాటలోంచి ఒక ఆడమనిషి వీపు కనబడుతుంది. టమోటా మార్కెట్లో బుట్టల మధ్య కూర్చున్నవాళ్లు, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాళ్లు. కాలేజీలో ఐదేళ్లు చదివి నేను నేర్చుకోలేనిదేదో ఆ రేకులమీద ఉంది. ఆ తర్వాత వీలైన ప్రతి ఆదివారం పుంగనూరు బస్సెక్కేవాణ్ణి.

ఏడెనిమిది రేకులమీద ఒకటే బొమ్మ. దూలానికి వేలాడే చీర ఉయ్యాల, లోపల ఏమీ లేదు. ఒక ఆదివారం పెద్దాయన సంతకు పోయినప్పుడు, ఇవెందుకు ఇన్నిసార్లు వేశావని అడిగాను. ఆమె బ్రష్షు కిరసనాయిలులో పెట్టి చాలాసేపు కలుపుతూ కూర్చుంది.

"ఆడబిడ్డ సార్. నాలుగు నెల్లది. పొద్దన్నే ఒళ్లు ఎచ్చగా ఉండింది. మర్నాడు అంగడి తెరస్తారని ఒక బోర్డు ఒప్పుకోనుంటి. అది అయిపోగొట్టి ఆస్పత్రికి పోదామనుకుంటి. సాయంత్రానికి ఫిట్సు వచ్చేసినాయి. పలమనేరు పోతా పోతా దావలోనే పాయ."

బ్రష్షు బయటికి తీసి గుడ్డతో తుడిచింది.

"బోర్డు కోసరం ఆగితినని ఎవురికీ తెలీదు సార్. మా ఇంటాయనకు తెలీదు, మా నాయనకు తెలీదు. జరం ముదిరి పాయ అనే అనుకుంటాండారు."

చెప్పి, లోపలికి వెళ్లి కాఫీ పెట్టుకొచ్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కవరు వచ్చింది ఆ తర్వాత రెండు మూడు నెలలకు. బొమ్మల ఫోటోలు పంపాలి. బెంగుళూరులో తెలిసినవాళ్లకు చూపిస్తానని మాత్రం ఆమెకు చెప్పి, పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఆయన్ను మదనపల్లె నుంచి తీసుకెళ్లాను. ఫ్లాష్ వేస్తే రేకు తళుక్కుమని మెరిసి బొమ్మ కనబడదు. ఒక్కో రేకునూ గోడ నీడలోకి జరుపుకుంటూ ఒక పూటంతా తీశాం.

ఇక ఫారం. అందులో ఒక ప్రశ్న: ఈ వ్యక్తికి ఈ సాయం ఎందుకు అవసరం? మొదట బొమ్మల గురించే రాశాను. గీత గురించి, రేకు గురించి, వెనక మిగిలిన అక్షరాల గురించి. చదువుకుంటే చప్పగా అనిపించింది. బెంగుళూరులో కూర్చుని వందల ఉత్తరాలు చదివేవాళ్లకు ఇది కంటికి ఆనుతుందా అనుకున్నాను. అప్పుడు ఒక పేరా చేర్చాను. బిడ్డ, జ్వరం, బోర్డు, ఆ సాయంత్రం, ఉయ్యాల. అంతా ఇంగ్లీషులో రాసి మళ్లీ చదువుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమెమీద జాలితోనే అనుకున్నాను అప్పుడు. నిజానికి నా రాత నాకే నచ్చింది.

ఆమెను ఎంపిక చేశారు. స్కూలుకు ఫోన్ వస్తే, పీరియడు వదిలేసి పుంగనూరు వెళ్లి చెప్పాను. పెద్దాయన నా చేతులు పట్టుకుని, "మా యమ్మిని ఒక దావకు తెస్తివి సామీ," అన్నారు. ఆమె మాత్రం, "నేను పోతే నాయనకు సంగటి ఎవురు కెలికిపెడ్తారు సార్?" అంది. ఆయన చెల్లెలు వచ్చి ఉంటానన్నాక బయల్దేరింది.

ఏడాది గడిచింది. ప్రదర్శన రోజు నేనూ వెళ్లాను. తెల్లటి గోడలమీద ఆ రేకులు చూస్తుంటే ఛాతీ ఉప్పొంగింది. గుమ్మం దగ్గర చిన్న పుస్తకాలు పంచుతున్నారు. తెరిస్తే ఆమె ఫోటో, దాని కింద నేను రాసిన పేరా, కింద నా పేరు. మొదట నాకు కలిగింది సంతోషమే. రెండోసారి చదువుతుండగా, ఇది ఆమె ఎవరికీ తెలియనివ్వని సంగతని గుర్తొచ్చింది. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు. ఆ పుస్తకం చేత్తో పట్టుకుని, వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడుతోంది. పక్కకు పిలిచి చెప్పుండాల్సింది. చెప్పకుండానే సాయంత్రం బస్సెక్కాను.

పది రోజులకు పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఆ పేరానే తెలుగు చేసి, పైన పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టారు. పుంగనూరులో టీ అంగట్లో ఎవరో దాన్ని పెద్దాయనకు చదివి వినిపించారట. మర్నాడే బైరెడ్డిపల్లె నుంచి ఆమె అత్త దిగి, వీధిలో నిలబడి, బొమ్మలు గీసుకుంటా బిడ్డను సంపుకునిందని ఊరంతా వినేటట్టు తిట్టి పోయింది.

నేను వెళ్లేసరికి ఆమె బెంగుళూరు నుంచి వచ్చి ఉంది. పెద్దాయన వసారాలో కూర్చుని నా వైపు చూడలేదు.

"ఊరంతా తెలిసినాక నాకు తెలిసె," అన్నారు గోడకేసి చూస్తూ. "ఆ పొద్దు బోర్డు ఒప్పుకోమని కబురు చేసింది నేనే సామీ. చేయి వణుకుతాదని ఆ పని ఆయమ్మికి పంపిస్తి."

ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. తండ్రికి ఆ బరువు తగలకూడదనే ఇన్నేళ్లూ దాచిందని అప్పుడర్థమైంది.

ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను. "నీకు మంచి జరగాలనే రాసినాను."

"తెలుసు సార్."

"వాళ్లు అచ్చేస్తారనుకోలేదు."

"అచ్చేయకపోయినా రాసింది రాసిందే గదా సార్. ఆ ఉయ్యాల సూసినోళ్లు ఎవురికి ఏం తోస్తే అది అనుకోనీ అని గీసినా. మీరు చెప్పేస్తిరి. ఇంగ దాన్ని ఎవురూ సూడరు. నన్ను సూస్తారు."

కాఫీ తాగి వెళ్లమని కూడా అనలేదు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి. ట్రస్టుకు ఉత్తరం రాసి, మిగిలిన పుస్తకాలు పంచకుండా ఆపించాను. అప్పటికి మిగిలింది కొన్నే.

రెండేళ్ల తర్వాత ట్రస్టు మళ్లీ అడిగింది. వద్దని రాసేయాల్సింది. కానీ కుప్పంలో నా పాత విద్యార్థి ఒకడు ఉన్నాడు. హైస్కూలు చదువు మదనపల్లెలో బంధువులింట్లో ఉండి చదివాడు. ఊరు రామకుప్పం దగ్గర పల్లె. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేసి ఉద్యోగం దొరక్క, కుప్పంలో గ్రానైట్ కోసే చోట రాళ్లమీద నంబర్లు వేసే పనికి కుదిరాడు. ఆ రాతిపొడి నీళ్లలో కలిపి కాగితంమీద గుట్టలు, గుంతలు వేసేవాడు. దగ్గర నిలబడి చూస్తే కళ్లు తిరిగేవి.

ఈసారి జాగ్రత్తపడ్డాను. బొమ్మల గురించి తప్ప ఒక్క మాట రాయలేదు. వాడి ఇల్లు, వాడి పని, వాడి తండ్రి, ఏదీ లేదు. నాకు తెలిసినంతలో అంత నిజాయితీగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు. వాణ్ణి తీసుకోలేదు.

ఆ సంగతి వాడికి తెలియాల్సిన పనిలేదు. కానీ నేనే కుప్పం వెళ్లి చెప్పాను, దాచిపెట్టడమంటే భయం పట్టుకుంది కాబట్టి. స్టేషన్ ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. ఉత్తరం కాపీ అడిగి తీసుకుని, మెల్లగా చదివాడు.

"బాగ రాసుండారు సార్," అన్నాడు. కాగితం బల్లమీద పెట్టి, "మా రాగిచేను ఏనుగులు తొక్కేసి రెండేండ్లుగా మా నాయన మంచం దిగలేదని మీకు తెలుసు గదా," అన్నాడు.

"తెలుసప్పా."

"రాళ్లపొడితో యాల గీస్తాండానో కూడా తెలుసు. రంగులు కొనే శక్తి లేక. అదన్నా రాసింటే?"

"నిన్ను అడక్కుండా రాయకూడదనుకున్నా."

"అడిగింటే రాయమనుంటా సార్. అడగనూ లేదు, రాయనూ లేదు."

కోపంగా అనలేదు. కాగితం మడిచి నా జేబులో పెట్టి, టీ డబ్బులు వాడే ఇచ్చాడు. తర్వాత కుప్పంలో ఫ్లెక్సీ షాపు పెట్టినవాళ్ల దగ్గర కంప్యూటర్‌మీద డిజైన్లు చేసే పనిలో చేరాడని విన్నాను. ఆ ఫ్లెక్సీలు వచ్చాక పుంగనూరులోనూ చేత్తో రాసే బోర్డులు అడిగేవాళ్లు లేకుండా పోయారు.

మూడోసారి కవరు వచ్చినప్పుడు, పేరు పంపదగ్గవాళ్లు నా ఎరుకలో ఎవరూ లేరని రాసి పంపాను. అది అబద్ధం. అప్పటికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆ తర్వాత కవర్లు రాలేదు.

కొన్నేళ్ల తర్వాత, పెద్దాయన పోయారని తెలిసి మళ్లీ పుంగనూరు వెళ్లాను. ఆమె అప్పటికి బెంగుళూరులో పిల్లలకు బొమ్మలు నేర్పుతూ అక్కడే ఉంటోంది. బొమ్మలు వేస్తోంది, ఏడాదికోసారి ప్రదర్శనకు పెడుతోంది. తండ్రి పోయినందుకు ఊరికి వచ్చి ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లంతా వెళ్లాక నాకు నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ట్రస్టులో ఒకామె చెప్పింది సార్. బొమ్మలు సూసి ఎటూ తేల్చుకోలేకపోయినారంట. మీ ఉత్తరం చదివినాకే నా పేరు ఖాయం చేసినారంట."

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"మీరు అది రాయకుంటే నేను ఈడనే ఉండిపోయుంటా. రాసినందుకు మా నాయన పోయేదాకా నాతో నిండుగా మాట్లాడలేదు. మీకు దండం పెట్టాల్నో, మీ మొగం సూడకుండా ఉండాల్నో నాకు ఇంగా తెలీలేదు."

  బస్సు టైమయిందని నేను లేస్తే, వీధి చివరి దాకా వచ్చి, జాగ్రత్తగా పొమ్మని చెప్పి వెనక్కి తిరిగింది.